రెండో రౌండు ఎవరిది

మా ఆఫీసు నాలుగో అంతస్తు క్యాంటీన్లో, స్తంభం పక్కనున్న బల్ల దగ్గర ఆరేళ్ళుగా ఒక గొడవ నడుస్తోంది. దానివల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు. ఇంతవరకూ ఎవరూ నెగ్గలేదు, ఎవరూ తగ్గలేదు, మాటల్లో పడి చల్లార్చుకున్న సాంబారు మాత్రం బకెట్లకొద్దీ పారబోశాం. గొడవ బాక్సింగ్ గురించి. అదైనా జరిగిన పోటీల గురించి కాదు, ఎన్నడూ జరగని, జరగడానికి వీల్లేని పోటీల గురించి. యాభై ఏళ్ళ కిందటి ఫలానా హెవీవెయిట్ అప్పటి వయసుతో, అప్పటి ఒంటితో లేచి వచ్చి, ఇప్పటి ఫలానా ఆరున్నర అడుగులవాడితో తలపడితే ఎవరు గెలుస్తారు? ఇదీ మా సమస్య. ముగ్గురమూ పెళ్ళాం పిల్లలున్న మనుషులం. ముగ్గురిలో ఒక్కడూ పుట్టి బుద్ధెరిగి గ్లోవ్స్ తొడుక్కున్న పాపాన పోలేదు.

ఆ బాక్సర్ల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళలో కనీసం పదిమంది నా తప్పులు పట్టడానికి బయల్దేరతారు. వాళ్ళందరికీ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. మా బల్ల దగ్గరున్న ఇద్దరికి చెప్పేసరికే నా తలప్రాణం తోకకొస్తోంది.

ఆ ఇద్దరిలో ఒకాయనది కడప. ఉద్యోగంలో నాకంటే సీనియర్. శని, ఆదివారాల్లో కోకాపేట చుట్టుపక్కల జనానికి ప్లాట్లు చూపిస్తూ ఉంటాడు. ఏ బాక్సర్ సంగతి ఎత్తినా ఆయన చూపు వాడి దవడ దగ్గరే ఆగిపోతుంది. ఎంత బాగా కొడతాడన్నది ఆయనకి అనవసరం. కొట్టించుకుని నిలబడ్డాడా, లేదా? రెండో అతనిది బాలానగర్. వాళ్ళ నాన్న అక్కడ లేత్ మిషన్ల వర్క్‌షాప్ నడిపేవారు. మా ఇద్దరికంటే పదేళ్ళు చిన్న, కానీ పాతకాలమంటే పడి చచ్చేది అతనే. అప్పట్లో పదిహేను రౌండ్లు ఆడేవాళ్ళు, ఇప్పటివాళ్ళు పన్నెండుకే ఆయాసపడతారు, అక్కడితో వాదన ముగిసింది అంటాడు. ఇక నాది కాకినాడ దగ్గర. నేను చేసేది టెస్టింగ్, అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం. ఇరవై ఏళ్ళుగా అదే పని చేసి చేసి, ఎదుటివాడు నోరు తెరవకముందే అందులో తప్పుంటుందని అనుకునే జబ్బు పట్టుకుంది నాకు.

మా బల్లకి ఒకే ఒక్క నియమం. ఎవరైనా ఒక బాక్సర్ పేరెత్తితే మిగతా ఇద్దరూ వెంటనే అడగాలి, ఏ ఏడాది మనిషి అని. ఎందుకంటే ఇరవై నాలుగేళ్ళ వయసులో ఉన్నవాడూ, ముప్పై ఏడేళ్ళకి డబ్బు కోసం కాళ్ళీడ్చుకుంటూ రింగులోకి దిగినవాడూ ఒకడు కాదు. ఇద్దరినీ వాళ్ళ వాళ్ళ మంచి ఏడాదిలోంచి తీసుకోవాలి. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. ఆ మంచి ఏడాది ఏదో తేల్చడానికే మాకు నాలుగు మధ్యాహ్నాలు పడుతుంది. పోయినేడాది ఒకే జోడీ మీద మూడు వారాలు కొట్టుకున్నాం. చివరికి నేను క్యారేజీ సగంలో మూతపెట్టి లేచిపోయాను. మర్నాడు సిగ్గు లేకుండా మళ్ళీ అక్కడే కూర్చున్నాను.

ఈ పిచ్చి అక్కడితో ఆగినా బాగుండేది. ఆఫీసులో చేతులు ఊరుకోవు కదా. నేను కంప్యూటర్లో ఒక షీట్ తయారుచేశాను. ఎత్తు, చేతి పొడవు, వేగం, దవడ, అనుభవం, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు. అనుభవానికి రెట్టింపు విలువ. అన్నీ నింపితే కింద ఎవరు గెలుస్తారో అదే చెబుతుంది. కడపాయన ప్రతి వాదన తర్వాతా దాని సారాంశం రాసి, తీర్మానం కింద ముగ్గురి ఆమోదం చేర్చి మెయిల్ చేస్తాడు. ఆఫీసు మెయిల్లో ఇలాంటివి కుదరవు కాబట్టి మా సొంత మెయిల్‌కి. అదొక పెద్ద ప్రాజెక్టు అన్నట్టు.

మా అమ్మాయి సంగతి ఇప్పుడు చెప్పాలి.

దానికి పదిహేనేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం. చిన్నప్పుడు ఆదివారాలు నా పక్కన సోఫాలో కూర్చుని నాతోపాటు పాత పోటీల వీడియోలు చూసేది. నేను మధ్యలో ఆపి, చూశావా, ఆ ఎడమచెయ్యి ఎలా వచ్చిందో అని వివరించేవాణ్ణి. రెండేళ్ళ కిందట ఒకరోజు, చూసింది చాలు నాన్నా, నేర్చుకుంటాను అంది. గచ్చిబౌలిలో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్లో నేర్పే కోచ్ ఉన్నాడని తనే కనుక్కుంది. నాకు గర్వమే కలిగింది. పంచింగ్ బ్యాగుని కొడుతుంటే వెళ్ళి ఫోటోలు తీశాను, బల్ల దగ్గర అందరికీ చూపించాను.

బ్యాగు తిరిగి కొట్టదు. ఆర్నెల్ల తర్వాత ఒక సాయంత్రం అది కింది పెదవి వాచి ఇంటికొచ్చింది. నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆ సెల్లార్‌కి పరుగెత్తాను. కోచ్ చాలా శాంతంగా విన్నాడు. అంతా విని, "సార్, పిల్ల మంచిగున్నది. జర మీరే పరేషాన్ అయితున్నరు" అన్నాడు. నిజంగానే ఇంట్లో అది ఐస్ ముక్క పెదవికి అద్దుకుంటూ ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆరోజు నుంచి నేను ఆ సెల్లార్ మెట్లు దిగలేదు.

మొన్న వేసవి దాటాక జిల్లా ఎంపిక పోటీలు వచ్చాయి. పద్దెనిమిది దాటనివాళ్ళకి తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టిన కాగితం ఉండాలి. పోటీలు ఆదివారం, కాగితం మాత్రం శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా కోచ్‌కి ఇచ్చెయ్యాలి. మా ఆవిడ పెట్టెయ్యగలదు. ఆమె ప్రభుత్వాఫీసులో పనిచేస్తుంది, రోజుకి వంద సంతకాలు పెట్టే చెయ్యి. కానీ అమ్మాయి ఆ కాగితం తెచ్చి నా ముందే పెట్టింది. నువ్వే పెట్టాలి అంది. చూస్తాను అన్నాను. చూస్తానని చెప్పి నాలుగురోజులు దాన్ని లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని తిరిగాను.

మా ఆవిడకి విసుగొచ్చింది. "ఇష్టముంటే పెట్టండి, లేకపోతే పెట్టనని దాని మొహం మీద చెప్పండి. ఇలా మోసుకుతిరగడం ఏంటండీ?" అంది. ఆమె మాట సబబే. సబబైన మాట విన్నప్పుడు నాకు వచ్చేంత కోపం మరే మాటకీ రాదు.

గురువారం మధ్యాహ్నం చార్జర్ తీస్తుంటే బ్యాగులోంచి ఆ కాగితం బల్లమీద పడింది. ఇద్దరూ చదివారు. ఇంకేముంది, వాళ్ళ సంతోషం చూడాలి. ఆరేళ్ళలో మొదటిసారి నిజంగా జరగబోయే పోటీ ఒకటి మా బల్లమీదికి వచ్చింది. బాలానగర్ అతను వెంటనే ఎవరికో ఫోన్ చేశాడు. మా అమ్మాయి బరువు విభాగంలో పోటీకి వచ్చేది తక్కువమంది. అందులో పోయినేడాది గెలిచిన పిల్ల వాళ్ళ పేటదే, వాళ్ళ చిన్నాన్న ఇంటి వెనకే ఉంటుంది. ఎత్తెంత, చేతి పొడవెంత, ఇప్పటికి ఎన్ని బౌట్లు ఆడింది, అన్నీ పది నిమిషాల్లో తెప్పించాడు. కడపాయన నా షీట్ తెరిచాడు.

ఆపమని నేను అనాల్సింది. అనలేదు. పైగా మా అమ్మాయి చేతి పొడవు నేనే చెప్పాను, అదీ ఒక అంగుళం తగ్గించి. కడపాయన నియమం ప్రకారం అడిగాడు, ఆ పిల్ల ఏ ఏడాది మనిషి అని. పోయినేడాది అని రాసుకున్నాం. మనమ్మాయి ఏ ఏడాది మనిషి అని మళ్ళీ అడిగాడు. ఇది ఇంకా ఒక్క బౌట్ కూడా ఆడలేదు. దానికి మంచి ఏడాది అంటూ ఏదీ లేదు. అందుకని అనుభవం గడి ఖాళీగా వదిలేశాడు. కింద లెక్క తేలింది. బాలానగర్ పిల్ల చాలా తేడాతో గెలుస్తుందని వచ్చింది.

ఆ ఫలితం చూసి నా గుండెల మీద బరువు దిగిపోయింది. సంతోషించాను. సొంత కూతురు ఓడిపోతుందని తేలితే సంతోషించాను. ఇప్పుడు సంతకం పెట్టకపోవడానికి నా దగ్గర కారణం ఉంది, అది నా పిరికితనం కాదు, షీట్ చెప్పింది. ఇంకో ఏడాది ఆగితే మంచిదని నేనే అన్నాను. మిగతా ఇద్దరూ తలూపారు. అందరం సీట్లకి వెళ్ళిపోయాం.

కడపాయన అలవాటు ప్రకారం షీట్ జతచేసి మెయిల్ పంపాడు. నా మెయిల్ ఇంట్లో కంప్యూటర్లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అమ్మాయి ఆన్‌లైన్ పాఠాలు వినేది దానిమీదే.

నేను ఇంటికెళ్ళేసరికి హాల్లో కూర్చుని ఉంది. ముందు కంప్యూటర్లో ఆ మెయిల్, ఆ షీట్. ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి ఆ పూట గట్టెక్కేవాణ్ణి. తీర్మానం, ఈ ఏడాది వద్దు, ముగ్గురి ఆమోదంతో, అని పైకి చదివింది. తర్వాత ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"నాన్నా, ఇది ఖాళీగా వదిలేస్తే నీ షీట్ సున్నా కింద లెక్కేస్తోంది. చూశావా?"

చూడలేదు. ఇరవై ఏళ్ళుగా ఎంతమంది కుర్రవాళ్ళని ఆ ఒక్క తప్పు మీద ఉతికి ఆరేశానో లెక్కలేదు. ఖాళీ వేరు, సున్నా వేరు అని కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠమే అది. తెలియనిదాన్ని లేనిదాని కింద జమకట్టకూడదు. నా కూతురి దగ్గరకి వచ్చేసరికి ఆ పాఠం నాకే గుర్తు రాలేదు. గుర్తు చేసుకోదల్చుకోలేదేమో.

"మీ పెద్ద పెద్ద బాక్సర్లందరికీ కూడా మొదటి బౌట్ ముందు ఇది ఖాళీయే కదా" అంది. "అయినా ముగ్గురు కూర్చుని తేల్చారు. నన్నొక మాట అడగలేదు."

నువ్వు దెబ్బ తింటుంటే నేను చూడలేనమ్మా అన్నాను. అదే నిజం. పాత వీడియోల్లో ఎవరి కొడుకో నేలకూలితే వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూసిన మనిషిని. ఆ మాట అన్నప్పుడు నామీద నాకే అసహ్యం వేసింది. అది, రేపు ఐదింటికి ఆఖరు అని మాత్రం గుర్తుచేసి లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం మీటింగు మీద మీటింగు. భోజనానికి కూర్చునేసరికి మూడు దాటింది. కాగితం బ్యాగులోనే ఉంది, సంతకం లేదు. ఇద్దరికీ షీట్‌లో తప్పుందని చెప్పాను. నేను ఆశించింది ఏమిటంటే, అయ్యో అని ఒక మాట. ఆ మాట రాలేదు. వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. కొత్త సమస్య దొరికింది.

"గయితే గా ఖాళీల ఏం పెడ్దాం అన్నా? సగటు పెడ్దామా?" అన్నాడు బాలానగర్ అతను.

సగటెట్ల పెడతావు, ఆ పిల్ల దవడ సంగతే మనకు తెలీదే అని కడపాయన అందుకున్నాడు. మొదటి బౌట్ ఆడేవాళ్ళకి ఐదు మార్కులివ్వాలని ఒకరు, మూడుకి మించి ఇవ్వకూడదని ఒకరు. కోచ్‌కి ఫోన్ చేసి ట్రైనింగ్‌లో ఎన్ని దెబ్బలు తింటోందో కనుక్కుంటే సరిపోతుందని మళ్ళీ ఒకరు. నా బిడ్డ గురించి వాళ్ళు, నా ఎదురుగా, ఉల్లిపాయ ముక్కలు నములుతూ. నిన్నటి దాకా నేనూ ఆ కుర్చీలో కూర్చుని అచ్చం అలాగే నమిలాను. ఒక్కసారిగా ఆ బల్ల, ఆ షీట్, ఆరేళ్ళ గొడవ, అన్నీ భరించలేనట్టు అనిపించాయి.

కాగితం తీశాను. సాంబారు మరక లేని చోటు చూసి పరిచి సంతకం పెట్టాను. కడపాయన ఆశ్చర్యపోయి, "ఉండు సామీ, ఇంకా తేలలేదు కదా" అన్నాడు.

తేలదు అన్నాను. ఆదివారం తేలుతుంది.

నాలుగున్నరకి బైక్ టాక్సీ ఎక్కాను. ఎప్పుడూ ఎక్కనివాణ్ణి, లాప్‌టాప్ బ్యాగు పొట్టకి కరుచుకుని, ఎవరిదో హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, ఆఫీసు బస్సుల మధ్య సందుల్లోంచి ప్రాణాలరచేత పెట్టుకుని గచ్చిబౌలి చేరాను. ఐదుకి నాలుగు నిమిషాలుందనగా సెల్లార్ మెట్లు దిగాను. అమ్మాయి తాడాట ఆడుతోంది. నన్ను చూసి ఆపలేదు. కోచ్ కాగితం అందుకుని మిగతావాటి కింద పెట్టుకున్నాడు, అంతే.

ఆదివారం పొద్దున్నే పోటీలు జరిగే హాలుకి నేనూ, మా ఆవిడా, అమ్మాయీ వెళ్ళేసరికి మా బల్లవాళ్ళిద్దరూ మెట్లమీద చోటు పట్టుకుని కూర్చున్నారు. నేను పిలవలేదు. మొదటి బౌట్ ఆ బాలానగర్ పిల్లతోనే పడింది. రెండేసి నిమిషాలు, మూడు రౌండ్లు. కడపాయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

మొదటి రౌండు మొత్తం చూశాను. ఆ పిల్ల దగ్గరికొచ్చి మూడుసార్లు కొట్టింది. మూడోదానికి మా అమ్మాయి హెడ్‌గార్డ్ పక్కకి తిరిగిపోయింది. వీడియోల్లో దెబ్బకి చప్పుడు ఉండదని నాకు ఆరోజే తెలిసింది. ఉంటుంది కానీ ఇలా ఉండదు. ఇది నా పళ్ళలో వినపడింది. రెండో రౌండు బెల్లు కొట్టగానే నా కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. తెరుద్దామనుకున్నాను. రెండు నిమిషాలపాటు అనుకుంటూనే ఉన్నాను. చుట్టూ కేకలు వినిపించాయి, ఏ దెబ్బ ఎవరిదో తెలియలేదు. మళ్ళీ తెరిచేసరికి మూడో రౌండు నడుస్తోంది. ఇద్దరూ అలిసిపోయారు. చివరికి రిఫరీ ఆ పిల్ల చెయ్యి పైకెత్తాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అమ్మాయి వెనక సీట్లో పై పెదవి మీద తడిగుడ్డ పెట్టుకుని కూర్చుంది. ఓడిపోయినందుకు బాధగా ఉందనిపించలేదు. కోకాపేట మలుపు దగ్గర అడిగింది.

"రెండో రౌండు నాదే కదా నాన్నా?"

అవును, నీదే అన్నాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

సోమవారం బల్ల దగ్గర గొడవ అనుకున్నట్టే మొదలైంది. రెండో రౌండు మనమ్మాయిదేనని కడపాయన. మొహం మీద అన్ని తిని కూడా వెనక్కి పోకుండా ముందుకే వచ్చిందట. ఆ దవడ తాను చూసిన దవడల్లో ఒకటట. కాదు, సమానమే అని బాలానగర్ అతను. మొదట కొట్టింది ఎడమచేత్తో అని ఒకరు, కుడిచేత్తో అని ఇంకొకరు. ఒక్క దెబ్బ దగ్గర కూడా ఇద్దరికీ పొంతన కుదరలేదు. వింటుంటే నాకు పిచ్చెక్కుతోంది. ఆరేళ్ళలో వీళ్ళ నోట్లోంచి ఒక నిజం రావాలని మొదటిసారి కోరుకున్నాను, అదే వచ్చి చావదు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగారు. తండ్రివి కదా, అందరికంటే శ్రద్ధగా చూసుంటావు, నువ్వు తేల్చు అన్నారు.

వీడియో పెట్టమన్నాను. ఎలాగైనా ఆ రెండు నిమిషాలూ చూడాలి నాకు. కడపాయన కాస్త సంకోచిస్తూనే ఫోన్ ముందుకి తోశాడు. మొదటి రౌండు బాగానే ఉంది. రెండోది మొదలైన పది సెకన్లకి ఆయన ఉద్రేకంలో లేచి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఫోన్ కిందికి వాలిపోయింది. సిమెంటు మెట్లు, ఆయన బూట్లు, పక్కన నా బూట్లు. రింగు లేదు, పిల్లలు లేరు. పైన ఈయన అరుపులు. ఆ మెట్లనే కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను, దెబ్బల చప్పుడు వింటూ.

మధ్యలో ఒకచోట అరుపులు తగ్గాయి. మా ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది. ఆరోజు నా పక్కనే కూర్చున్నా నాకు వినపడని గొంతు.

"ఏవండీ, కళ్ళు తెరవండి. మన పిల్ల కొడుతోంది, చూడండి."

బల్ల దగ్గర ఇద్దరూ తినడం ఆపేశారు. కడపాయన మెల్లిగా ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. ఆ రౌండు ఎవరిదని మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆరోజు సారాంశం మెయిల్ కూడా రాలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళగానే అమ్మాయి గదిలోకి వెళ్ళాను. చేతులకి కట్టుకునే గుడ్డపట్టీలు ఉతికి ఆరేసినవి చుట్టుకుంటోంది. పక్కన కూర్చుని, కార్లో అబద్ధం చెప్పాను, రెండో రౌండు నేను చూడలేదు అన్నాను.

అది చుట్టడం ఆపలేదు.

"తెలుసు" అంది. "ఆ రౌండు అవగానే నీవైపే చూశాను."